హిట్టు కొట్టిన డైరెక్టరే రెండో పార్టుకు ఎందుకు రాడు?

దేవరకొండ_కుర్రాడు:

ఇండస్ట్రీ సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇది చాలా రోజుల నుంచి నన్ను తినేస్తోంది. సినిమా సూపర్ హిట్ అవుతుంది, డైరెక్టర్ పేరు ఊరూరా మారుమోగుతుంది, కొన్నాళ్లకు పార్ట్ టూ పోస్టర్ పడుతుంది, తీరా కింద చూస్తే డైరెక్టర్ పేరు వేరే. అంత కష్టపడి హిట్టు చేసినోడు, జనం చేతులు చాచి పిలుస్తుంటే, తన సినిమాను ఇంకొకరి చేతిలో పెట్టి ఎందుకు పోతాడు?

గబ్బర్ సింగ్ 2012లో హరీష్ శంకర్ తీశాడు, 2016లో సర్దార్ గబ్బర్ సింగ్‌కు బాబీ. శంకర్ దాదా ఎంబీబీఎస్ జయంత్ తీస్తే జిందాబాద్‌కు ప్రభుదేవా వచ్చాడు. డీజే టిల్లు విమల్ కృష్ణది, టిల్లు స్క్వేర్ మల్లిక్ రామ్‌ది. హిందీలో దబంగ్ తీసింది అభినవ్ కశ్యప్, రెండోదానికి అర్బాజ్ ఖాన్ స్వయంగా డైరెక్టర్ సీట్లో కూర్చున్నాడు. హాలీవుడ్‌లో అయితే లెక్కే లేదు.

మా దోస్తుల్లో ఒకడు "పైసలు ఎక్కువ అడిగి ఉంటాడు" అంటాడు, ఇంకొకడు "హిట్టు పడగానే పొగరు" అంటాడు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. నేనూ మా ఊళ్లో చిన్న చిన్న షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాను, నా కథను ఇంకొకరు ముందుకు తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకైతే ఊహకు అందదు.

పాలమూరు_పిల్లగాడు:

తమ్మీ, ఇందులో అంత ఆలోచించేది ఏముంది. హిట్టు పడ్డాక డైరెక్టర్ చేతిలో టైమ్ ఉండదు. అప్పటిదాకా ఫోన్ ఎత్తని హీరోలు పిలిచి కథ చెప్పమంటారు. సీక్వెల్ అంటే అదే హీరో, అదే బ్యానర్, మళ్లీ రెండేళ్లు. అదే రెండేళ్లలో పెద్ద సినిమా చేసుకుంటే అతని రేంజే మారిపోతుంది. గూఢచారి 2018లో శశికిరణ్ తిక్క తీశాడు, ఆ తర్వాత మేజర్ చేశాడు. గూఢచారి రెండో భాగం వినయ్ కుమార్ సిరిగినీడి చేతికి వెళ్లింది, మేజర్‌కు ఎడిటర్‌గా పనిచేసింది ఆయనే. టీమ్ అదే, కుర్చీ మారింది, అంతే. అన్నింటి వెనకా గొడవే ఉందనుకోవద్దు.

అలంపూర్_అసిస్టెంట్:

నేను హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో ఉండి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు గద్వాలలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసుకుంటున్నాను. కాబట్టి లోపల చూసిందే చెప్తాను.

తమ్మీ, నువ్వు "తన సినిమా" అన్నావు చూడు, అసలు చిక్కు అక్కడే ఉంది. కాగితాల ప్రకారం అది అతని సినిమా కాదు. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది, దాని ప్రకారం సినిమాకు ఆథర్, అంటే సృష్టికర్త, నిర్మాతే. కథ రాసినవాళ్లకూ పాట రాసినవాళ్లకూ 2012 సవరణలో రాయల్టీ హక్కు గట్టిపడింది. డైరెక్టర్‌ను కూడా నిర్మాతతో పాటు ఆథర్‌గా చేర్చాలని 2010 బిల్లులో ఉండింది, చట్టం అయ్యేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది. పొలం దున్ని, నాటు వేసి, కోత కోసింది కౌలు రైతు, పట్టా పాస్‌బుక్ మాత్రం ఇంకొకరి పేరు మీద. వచ్చే ఏడు ఆ చేను ఎవరికి ఇయ్యాలో చెప్పేది పాస్‌బుక్ ఉన్నాయనే.

మొదటి సినిమా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే రోజు నేను పక్కనే ఉన్నాను ఒకసారి. మా డైరెక్టర్‌కు అది మొదటి ఛాన్స్. స్టాంపు పేపర్ల కట్ట, పక్కన టీ, ఆఫీసు మేనేజర్ పేజీ తిప్పడం, ఈయన సంతకం పెట్టడం. మధ్యలో ఎక్కడో ఒక పేరా ఉంటుంది. డబ్బింగ్, రీమేక్, సీక్వెల్, ప్రీక్వెల్, వెబ్ సిరీస్, ఈ పాత్రలతో ముందు ముందు ఏం తీసినా సర్వహక్కులూ నిర్మాతవే అని దాని సారాంశం. ఆయన ఆ పేరా మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎట్లా ఆగుతాడు? అప్పటికి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి ఉన్నాడు, ఆ రోజు సంతకం పెట్టకపోతే రేపటికి ఇంకొక కుర్రాడు వస్తాడని ఆయనకు తెలుసు. సినిమా ఆడింది. రెండో భాగం మాట వచ్చినప్పుడు ఆయన్ను పిలిచారు గానీ, రెమ్యూనరేషన్ మొదటి సినిమా దగ్గరి నుంచే మాట్లాడారు. కథలో హీరో చెప్పిన మార్పులకు ముందే ఒప్పుకుంటేనే పని మొదలు అన్నారు. ఆయన లేచి నమస్కారం పెట్టి వచ్చేశాడు. బయట మాత్రం "డైరెక్టర్ వేరే ప్రాజెక్టులతో బిజీ" అని రాశారు. ఎవరని అడగొద్దు, చెప్పను.

ఇది మన దగ్గరే అనుకోకు. జేమ్స్ కామెరాన్ టెర్మినేటర్ కథ హక్కులను తన నిర్మాత గేల్ ఆన్ హర్డ్‌కు ఒక్క డాలర్‌కు అమ్మాడు, బదులుగా తను అడిగింది ఒక్కటే, డైరెక్షన్ తనకే ఇవ్వాలని. 1984లో సినిమా వచ్చింది, 1991లో రెండోదీ ఆయనే తీశాడు. ఆ తర్వాత హక్కులు చేతులు మారుతూ పోయాయి. 2003లో మూడోది వచ్చేసరికి, ఆ కథ రెండో సినిమాతోనే అయిపోయిందని ఆయన పక్కకు తప్పుకుంటే జోనాథన్ మోస్టో తీశాడు. కన్న కథ గురించి కాదూ అవుననే అధికారం కామెరాన్ లాంటాయనకే లేకపోయింది, మన దగ్గర మొదటి సినిమా తీసే పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక సిట్టింగుల సంగతి, అంటే కథ మీద కూర్చుని చర్చించడం. మామూలు కథకు కూర్చుంటే గదిలో ఏమీ ఉండదు, ఒక లైన్ పట్టుకుని రోజులు రోజులు కొట్టుకుంటాం. సీక్వెల్ సిట్టింగ్‌లో మొదటి రోజే ఒక లిస్టు వస్తుంది. ఫలానా డైలాగ్ మళ్లీ పడాలి, ఫలానా కమెడియన్ ఉండాలి (మొదటి సినిమాలో ఆ పాత్ర చనిపోయినా సరే, తమ్ముడని చెప్పి తేవాలి), ఇంటర్వెల్ దానికంటే పెద్దగా ఉండాలి, ఐటమ్ సాంగ్ అదే చోట రావాలి. ఆ లిస్టు అయ్యాక కథకు మిగిలే చోటు ఎంత? మనసున్న డైరెక్టర్ అయితే అక్కడ ఊపిరాడక బయటికి వస్తాడు. నేను దాన్ని పొగరు అనను.

సూర్యాపేట_రీల్:

పైన అన్న చెప్పింది ఒక వైపు. నేను బిజినెస్ వైపు చెప్తాను. మా మామ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు థియేటర్లు లీజుకు తీసుకుని నడిపేవాడు, చిన్నప్పటి నుంచి ఆ లెక్కల మధ్యే పెరిగాను. మన నల్లగొండ, పాలమూరు సినిమా ట్రేడ్ లెక్కలో నైజాం అనే ఏరియా కిందికే వస్తాయి. కొత్త సినిమాకు అడ్వాన్స్ కట్టాలంటే మా మామ వంద ప్రశ్నలు వేసేవాడు. హీరో ఎవరు, బ్యానర్ ఏంది, పాటలు ఎట్లున్నాయి, పండగకు వస్తుందా, పోటీలో ఇంకేం ఉంది. పార్ట్ టూ అంటే మాత్రం ప్రశ్నలు సగానికి పడిపోయేవి. పేరు మీదే బేరం అయిపోయేది. డైరెక్టర్ ఎవరని అడిగినట్టు నాకైతే గుర్తు లేదు. ఇప్పుడు ఓటీటీ, శాటిలైట్ వాళ్లు కూడా పేరు చూసే ముందుకొస్తారు.

దాని వల్ల ఏమవుతుందంటే, రిలీజ్ డేట్ ముందు పుడుతుంది, కథ తర్వాత పుడుతుంది. సంక్రాంతికో దసరాకో డేట్ వేసేస్తారు, ఆ డేట్ మీద ఫైనాన్స్ తెస్తారు, వడ్డీ నడుస్తూ ఉంటుంది. డైరెక్టర్ "నాకు ఆరు నెలలు స్క్రిప్ట్ మీద కావాలి" అంటే ఆ ఆరు నెలల వడ్డీ ఎవరు కడతారు? నిర్మాతను కూడా పూర్తిగా తప్పు పట్టలేం, ఆయన తల మీద కత్తి వేలాడుతుంటుంది. అక్కడ ఇద్దరూ విడిపోతారు. హాలీవుడ్‌లో హంగర్ గేమ్స్ 2012 మార్చిలో వచ్చి దుమ్ము లేపింది, రెండోది 2013 నవంబర్‌కు రావాల్సిందేనని డేట్ పెట్టుకున్నారు. మొదటిది తీసిన గ్యారీ రాస్, తను అనుకున్నట్టు రాసుకుని తీయడానికి ఆ టైమ్ చాలదని చెప్పి తప్పుకున్నాడు. ఫ్రాన్సిస్ లారెన్స్ వచ్చి తీశాడు. డేట్ మాత్రం కదల్లేదు.

వనపర్తి_టీచర్:

మీరంతా డబ్బు, డేట్లు, కాగితాలు అంటున్నారు, అవన్నీ నిజమే కావచ్చు. కానీ మనిషి గురించి కూడా మాట్లాడండి తమ్ముళ్లూ.

ఒక సినిమా అంటే డైరెక్టర్‌కు రెండు మూడేళ్ల జీవితం. క్రిస్ కొలంబస్ హ్యారీ పాటర్ మొదటి రెండూ వెంటవెంటనే, 2001లో ఒకటి, 2002లో ఒకటి తీశాడు. మూడోది తీయమంటే అలసిపోయానని, ఇంట్లో పిల్లల్ని కంటినిండా చూసుకోవడానికి కూడా కుదరట్లేదని డైరెక్షన్ వదిలేసి నిర్మాతగా మాత్రం ఉన్నాడు. ప్రపంచమంతా ఎదురుచూసే సినిమా, చేతిలో ఉన్నది, వదిలేశాడు. ఆ మాట చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అల్ఫాన్సో క్వారోన్ వచ్చి మూడోది తీశాడు, మా బడి పిల్లల్లో చాలామందికి అదే ఎక్కువ ఇష్టం.

షార్క్ సినిమా జాస్ సంగతి చూడండి. స్పీల్‌బర్గ్ నిజం సముద్రంలో తీశాడు, 55 రోజుల షెడ్యూల్ 159 రోజులు పట్టింది, యంత్రంతో చేసిన షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. సినిమా పూర్తయ్యేసరికి తన కెరీర్ ముగిసినట్టే అనుకున్న కుర్రాడు అతను. అలాంటివాణ్ని మళ్లీ అదే నీళ్లలోకి దిగమంటే ఎలా దిగుతాడు? 1978లో జాస్ 2 వేరేవాళ్లు తీశారు, ఆయన ఆలోగా గ్రహాంతరవాసుల సినిమా తీసుకున్నాడు. మనం తెర మీద రెండు గంటలు చూసి మళ్లీ కావాలంటాం. తీసినవాడికి ఆ సినిమా పేరు వింటే ఏవేవి గుర్తొస్తాయో మనకు కనిపించదు.

వద్దని, తర్వాత ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. గాడ్‌ఫాదర్ 1972లో తీసేటప్పుడు కొప్పోలాను స్టూడియో నానా తిప్పలు పెట్టింది. నటుల్లో బ్రాండో వద్దంది, అల్ పచినో వద్దంది, ఎప్పుడు తీసేస్తారోనన్న భయంతోనే సినిమా పూర్తి చేశాడు. రెండోది తీయమంటే నేను రానని, మార్టిన్ స్కోర్సేజీకి ఇవ్వండని ఆయనే పేరు చెప్పాడు. స్టూడియో ఒప్పుకోలేదు. చివరికి తన పనిలో వేలు పెట్టొద్దన్న షరతు మీద తీశాడు. దానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, ఒక సీక్వెల్‌కు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. దేవరకొండ తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇందులో సగం జవాబు ఉంది. చాలామంది "రాను" అంటున్నది కథకు కాదు, మొదటిసారి తమను నడిపించిన తీరుకు.

పాలమూరు_పిల్లగాడు:

అక్కా, మీరు చెప్పింది బాగుంది, కానీ డైరెక్టర్ తిరిగి వస్తేనే సినిమా బాగుంటుందనుకుంటే అది కూడా కరెక్ట్ కాదు. కిక్ తీసిన సురేందర్ రెడ్డే కిక్ 2 కూడా తీశాడు కదా, ఆడిందా? 2010లో చంద్రముఖికి కొనసాగింపుగా వచ్చిన నాగవల్లి కూడా చంద్రముఖి తీసిన పి.వాసునే తీశాడు. అదే టిల్లు స్క్వేర్‌కు డైరెక్టర్ మారాడు, జనం మొదటిదానికంటే ఎక్కువగా ఎగబడ్డారు. మా మహబూబ్‌నగర్‌లో ఫస్ట్ డే టికెట్లు దొరకలేదు. స్టార్ వార్స్ రెండోది, ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్, మొదటిది తీసిన లూకాస్ తీయలేదు, ఇర్విన్ కెర్ష్‌నర్ తీశాడు, దాన్నే అన్నింటిలో గొప్పది అంటారు.

అలంపూర్_అసిస్టెంట్:

టిల్లు, స్టార్ వార్స్ రెండూ నా వైపు సాక్ష్యాలే తమ్మీ. టిల్లు రెండు సినిమాలకూ సిద్ధు జొన్నలగడ్డ రచయితల్లో ఒకడు. ఆ భాష, ఆ నడక, ఆ అమాయకత్వం అతని నోట్లోంచి వచ్చినవి, డైరెక్టర్ మారినా పాత్రను పట్టుకున్న మనిషి గదిలోనే ఉన్నాడు. ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌కు కథ లూకాస్‌దే, డబ్బు కూడా ఆయనే తెచ్చుకున్నాడు. హిందీలో 2006లో వచ్చిన హేరా ఫేరీ రెండో భాగం, ఫిర్ హేరా ఫేరీ, మొదటిది తీసిన ప్రియదర్శన్ తీయలేదు, నీరజ్ వోరా తీశాడు. ఆయన మొదటిదానికి రాసినాయనే, అందుకే అందులో ముగ్గురు ముఖ్య పాత్రల మాట తీరు చెడలేదు. దృశ్యం తెలుగులో 2014లో శ్రీప్రియ గారు తీశారు, రెండోదానికి జీతూ జోసెఫ్ వచ్చాడు, అసలు కథ ఆయనదే కాబట్టి అతుకు కనపడలేదు. నేను చూసినంతలో డైరెక్టర్ కంటే ముందు చూడాల్సింది ఇదే, కథ పుట్టించిన వాళ్లలో ఒక్కరైనా రెండోదానిలో ఉన్నారా లేదా అని. ఎవ్వరూ లేకుండా పేరు, మ్యూజిక్ బిట్టు, డైలాగ్ పట్టుకుని తీసినవి థియేటర్లో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతాయి.

సూర్యాపేట_రీల్:

కిక్ 2 మాట మాత్రం పాలమూరు అన్న కరెక్టే. డైరెక్టర్ వచ్చినంత మాత్రాన కథ వస్తుందని గ్యారంటీ లేదు. మున్నాభాయ్ మూడో భాగం కోసం జనం ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నారు, డైరెక్టర్ హిరాణీ స్క్రిప్ట్ కుదరలేదనే చెప్తూ వస్తున్నాడు. ఆయన పేరుకు ఆ సినిమాకు ఎంత అడిగితే అంత వస్తుంది, అయినా తీయట్లేదు. అలా ఆగేవాళ్లను మనం మెచ్చుకోవాలి.

దేవరకొండ_కుర్రాడు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. అలంపూర్ అన్నా, రెండు డౌట్లు. ఒకటి, మరి బాహుబలి, పుష్ప లాంటి వాటికి ఈ గొడవ ఎందుకు రాలేదు? రెండోది నా సొంత పని. నా షార్ట్ ఫిల్మ్ ఒకటి చూసి హైదరాబాద్ నుంచి ఒకాయన వెబ్ సిరీస్‌గా చేద్దాం, కథ పంపు అంటున్నాడు. ఇప్పుడు మీ మాటలు చదివాక టెన్షన్ పట్టుకుంది. నేను ముందు ఏం చేయాలి?

అలంపూర్_అసిస్టెంట్:

బాహుబలి, పుష్ప సీక్వెల్స్ కావు తమ్మీ, ఒకే కథను రెండుగా కోసినవి. బాహుబలి రెండో భాగంలో కొంత మొదటిదానితో పాటే షూట్ అయింది. పుష్ప తీస్తుండగా ఒక్క సినిమాలో పట్టదని రెండు చేశారు. కథ నడిమధ్యలో ఉంటుంది, కెప్టెన్‌ను మార్చే ప్రసక్తే రాదు. అయిపోయిన కథకు మళ్లీ తలుపు తెరిచేటప్పుడే ఈ లెక్కలన్నీ వస్తాయి.

ఇక నీ సంగతి. కథ మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఊరికే పంపకు. ముందు పూర్తిగా రాసుకో, సీన్ ఆర్డర్, డైలాగ్ వెర్షన్‌తో సహా. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, అక్కడ కథ రిజిస్టర్ చేస్తారు, ఎలా చేయాలో వాళ్లనే అడుగు. ఆ పని అయ్యాక నేరేషన్ ఇవ్వు, అంటే కథ నోటితో చెప్పు. అగ్రిమెంట్ ఇస్తే అక్కడికక్కడ సంతకం పెట్టకు, ఇంటికి తెచ్చుకుని చదువు. ఇంగ్లీషు అర్థం కాకపోతే నల్లగొండ కోర్టు దగ్గర ఏ వకీలుకు చూపించినా చదివి చెప్తాడు, ఆ ఫీజుకు వెనకాడకు. సీక్వెల్ హక్కు మొత్తం నీకే రాసివ్వమంటే కొత్తవాడికి ఎవరూ ఇవ్వరు, అది అడిగి పని చెడగొట్టుకోవద్దు. రెండు లైన్లు మాత్రం అడుగు. రెండో సీజన్ గానీ సినిమా గానీ తీస్తే ముందు నిన్నే అడగాలి, నువ్వు వద్దంటేనే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, ఇది ఒకటి. నువ్వు చేయకపోయినా కథ, పాత్రల సృష్టి అని నీ పేరు టైటిల్స్‌లో పడాలి, దానికి ఇంత అని డబ్బు ఇవ్వాలి, ఇది రెండు. మొదటిది ఒప్పుకోకపోయినా రెండోదానికి చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే దానివల్ల వాళ్లకు పోయేది తక్కువ.

వనపర్తి_టీచర్:

తమ్ముడూ, ఆయన చెప్పినట్టే చెయ్యి. ఇంకొకటి, ఆ షార్ట్ ఫిల్మ్‌కు నీతో పాటు రాసిన స్నేహితులు ఎవరైనా ఉంటే వాళ్ల పేర్లు కూడా ఇప్పుడే రిజిస్ట్రేషన్‌లో పెట్టు. రేపు ఛాన్స్ వచ్చాక పెట్టబోతే మాట తేడా వస్తుంది.

దేవరకొండ_కుర్రాడు:

ఇద్దరం రాశాం అక్కా, వాడి పేరు కూడా పెడతాను. సోమవారం హైదరాబాద్ పోతున్నాను, రిజిస్ట్రేషన్ అయ్యాక ఏమేం కాగితాలు అడిగారో ఇక్కడే రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.